నేలపట్టు, పులికాట్‌లలో పక్షులను చూడడం ఎలా?

సంక్రాంతి సెలవులు దగ్గరపడే కొద్దీ నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాఠకుల నుంచి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. నేలపట్టు పక్షుల అభయారణ్యానికి ఏ నెలలో వెళ్ళాలి? పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు ఎక్కడ కనబడతాయి? పిల్లలను తీసుకువెళ్ళవచ్చా? వెళ్ళివచ్చినవారు మరొకటి అడుగుతారు: "అంత దూరం వెళ్తే తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు, ఎందుకని?" ఆ చివరి ప్రశ్న వేసినవారిలో ఎక్కువమంది తప్పు నెలలోనో, తప్పు వేళలోనో వెళ్ళినవారే. అందుకే ఏ నెలలో, ఏ పూట, ఎక్కడ నిలబడి, ఎంత దూరం నుంచి చూడాలో వరుసగా రాస్తున్నాను.

ఈ రెండు చోట్లూ ఉన్న సూళ్లూరుపేట, దొరవారిసత్రం మండలాలు 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలో చేరాయి. అయినా నెల్లూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇంటికి చేరగల దూరంలోనే ఉన్నాయి కాబట్టి, ఒక్కరోజు ప్రయాణంగానే ఈ వివరాలు రాశాను. ఒంగోలు, మార్కాపురం వైపు నుంచి వచ్చేవారు ముందురోజు రాత్రికే నాయుడుపేటకో సూళ్లూరుపేటకో చేరి బస చేయడం మంచిది. రాత్రంతా ప్రయాణించి వచ్చి, నిద్రమత్తులో బైనాక్యులర్ పట్టుకుంటే గంటకే కళ్ళు అలసిపోతాయి.

ఏమేమి కావాలి

- బైనాక్యులర్. 8x42 రకం కొత్తవారికి అన్నివిధాలా సరిపోతుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది, రెండో అంకె ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మే చౌక రకాలు కొనవద్దు. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరిగి, పక్షి నిలకడగా కనబడదు.
- చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. సెల్‌ఫోన్‌లోనూ రాసుకోవచ్చు గానీ ఎండలో తెర సరిగా కనబడదు.
- ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిదరంగు వంటి మందమైన రంగుల దుస్తులు. ఎరుపు, తెలుపు, మెరిసే బట్టలు వద్దు. అంచున్న టోపీ, బురద అంటినా ఫరవాలేదనిపించే బూట్లు పెట్టుకోండి.
- మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్ళు, ఇంట్లో కట్టుకున్న భోజనం. పులిహోర, పెరుగన్నం ఈ ప్రయాణానికి సరిగ్గా సరిపోతాయి. రేపర్లు, ప్లాస్టిక్ గ్లాసులు లేకుండా స్టీలు డబ్బాలలో తెచ్చుకోండి.
- దోమల నివారణ క్రీము, ఏదైనా ఒక గుర్తింపు కార్డు, చెత్తను తిరిగి తీసుకురావడానికి ఒక సంచి.

కెమెరా ఉంటే తీసుకురండి, లేకపోతే దాని కోసం ప్రయాణం వాయిదా వేసుకోవద్దు. బైనాక్యులర్ ఒక్కటే ఉన్నవారు కెమెరా ఉన్నవారికంటే ఎక్కువ చూస్తారన్నది నేను ఏటా గమనిస్తున్న విషయం.

1. నెలను ఎంచుకోండి

నెల్లూరు ప్రాంతానికి ప్రధానమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. నేలపట్టు చెరువు ఆ వాన మీదే ఆధారపడింది. చెరువు నిండి, అందులోని చెట్ల మొదళ్లు నీటిలో మునిగితేనే గూడబాతులు (పెలికాన్లు) ఆ చెట్ల మీద గూళ్లు కడతాయి, ఎందుకంటే చుట్టూ నీరు ఉన్న చెట్టు మీదికి పిల్లులు, నక్కలు రాలేవు. వాన సరిగా పడని ఏడాది గూళ్లు తక్కువగా ఉంటాయి, ఒక్కోసారి ఉండనే ఉండవు.

గుడ్లు పొదగడానికి 30 నుంచి 33 రోజులు పడుతుంది. పుట్టిన పిల్లలు 3 నుంచి 5 నెలలు గూటిలోనో దాని పరిసరాలలోనో ఉంటాయి. ఈ లెక్కన నవంబరు చివరలో వెళ్తే గూళ్లు కట్టడం, పుల్లలు మోసుకురావడం చూస్తారు. జనవరిలో వెళ్తే పిల్లలను, ఫిబ్రవరిలో వెళ్తే తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి మేత తీసుకునే పెద్దపిల్లలను చూస్తారు. ఒక్కసారే వెళ్ళగలిగినవారు జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మూడో వారం మధ్యలో వెళ్ళండి.

పులికాట్‌కు లెక్క కొంచెం వేరు. ఫ్లెమింగో నీటిలో నడుస్తూ, తల కిందులుగా ముంచి, ముక్కుతో నీటిని వడకట్టి మేత తినే పక్షి. మంచి వాన పడిన వెంటనే సరస్సులో నీరు లోతుగా ఉంటుంది కాబట్టి గుంపులు రోడ్డుకు దూరంగా, లోతు తక్కువున్న చోటికి వెళ్ళిపోతాయి. నీరు తగ్గుతున్న కొద్దీ దగ్గరకు వస్తాయి. పెద్ద వానలు కురిసిన ఒక డిసెంబరులో నేను రెండు రోజులు అక్కడే ఉండి, ఆకాశం అంచున పల్చటి గీతలాంటి గుంపును తప్ప ఏమీ చూడలేదు. అదే రోడ్డు మీద ఫిబ్రవరి రెండో వారంలో కళ్ళద్దాలతోనే వాటి మోకాళ్లు కనబడ్డాయి.

జనవరిలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ గురించి చాలామంది అడుగుతారు. ఈ పక్షుల పండుగ 2001లో మొదలైంది. పిల్లలకు పక్షుల మీద ఆసక్తి కలిగించడానికి మంచి సందర్భమే గానీ, ఆ రోజులలో జనం, వాహనాలు, మైకులు ఎక్కువ. పండుగ చూడాలంటే పండుగకు వెళ్ళండి, పక్షులను చూడాలంటే అది ముగిసిన తర్వాత పది రోజులకు, అదీ వారం మధ్యలో వెళ్ళండి.

2. బయలుదేరే ముందు రెండు విషయాలు తెలుసుకోండి

మొదటిది, తుపాను హెచ్చరిక. నవంబరు, డిసెంబరు నెలలలో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ప్రయాణం మానుకోండి. సరస్సు మధ్యగా వెళ్ళే రోడ్డు మీద గాలికి అడ్డు ఏదీ ఉండదు.

రెండోది, రాకెట్ ప్రయోగం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డే మనకు పులికాట్ పక్షులను చూపించే రోడ్డు. ప్రయోగం రోజున అక్కడ రాకపోకల మీద ఆంక్షలుంటాయి, భద్రతా సిబ్బంది ఆగనివ్వరు. ఇస్రో ప్రయోగాల తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి పత్రికలో చూసుకుని, ఆ రోజునూ దాని ముందురోజునూ వదిలేయండి.

నేలపట్టు ప్రవేశ వేళలు, రుసుము, కెమెరా రుసుము మారుతుంటాయి. అటవీశాఖవారిని ముందే అడగండి, లేదా గేటు దగ్గరి బోర్డును చూసి రసీదు తీసుకోండి.

3. బైనాక్యులర్‌ను ఇంటి దగ్గరే సరిచేసుకోండి

"మసకగా కనబడింది" అన్నవారిలో సగం మంది ఈ పని చేయనివారే. చెరువు గట్టు మీద నేర్చుకోవలసిన పని కాదిది. ముందురోజు సాయంత్రం మేడ మీద నిలబడి చేయండి.

మొదట రెండు గొట్టాలను మధ్యలో వంచి, మీ కళ్ళ మధ్య దూరానికి సరిపోయేలా, రెండు వలయాలు కలిసి ఒకే వలయంగా కనబడేదాకా సర్దండి. తర్వాత కుడివైపు ముందు అద్దాన్ని చేత్తో మూసి, ఎడమకన్నుతో దూరంగా ఉన్న ఒక బోర్డునో టెలిఫోన్ టవర్‌నో చూస్తూ మధ్యచక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. ఇప్పుడు ఎడమవైపు మూసి, మధ్యచక్రం ముట్టకుండా, కుడి కన్ను దగ్గరుండే చిన్న వలయాన్ని మాత్రమే తిప్పి అదే వస్తువును స్పష్టం చేయండి. ఆ వలయం ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత రోజంతా మధ్యచక్రం ఒక్కటే తిప్పాలి. కళ్ళజోడు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి మడిచి, కళ్ళజోడు తీయకుండానే చూడాలి.

సరిగా కుదిరిందో లేదో పరీక్షించడానికి: ముందు కంటితో ఒక కాకిని చూసి, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరకు తేవాలి. కాకి వెంటనే వలయంలో కనబడితే మీరు సిద్ధమైనట్టే. బైనాక్యులర్‌తో వెతకడం అలవాటైతే పక్షులు దొరకవు. వెతకడానికి కళ్ళు, చూడటానికి బైనాక్యులర్.

4. తెల్లవారేసరికి పులికాట్ రోడ్డు మీద ఉండండి

నెల్లూరు నుంచి వచ్చేవారికి నేలపట్టే ముందు తగులుతుంది కాబట్టి అందరూ ముందు అక్కడే ఆగుతారు. మీరు అలా చేయవద్దు. జాతీయ రహదారి మీద దొరవారిసత్రాన్ని దాటి నేరుగా సూళ్లూరుపేటకు వెళ్ళి, అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టండి. తెల్లవారుజామున నాలుగున్నరకు నెల్లూరులో బయలుదేరితే వెలుగు వచ్చే వేళకు సరస్సు దగ్గర ఉంటారు.

ఈ వరుసకు కారణం ఉంది. పులికాట్‌లో పక్షులు దూరంగా, విశాలమైన నీటి మీద ఉంటాయి. తొమ్మిదిన్నర దాటితే నీటి మీద వేడిగాలి లేచి, బైనాక్యులర్‌లో పక్షులు ఎండమావిలా వణుకుతూ కనబడతాయి. ఎంత ఖరీదైన అద్దమైనా దాన్ని సరిచేయలేదు. నేలపట్టులో పక్షులు దగ్గరగా గూళ్లలోనే ఉంటాయి కాబట్టి మధ్యాహ్నమైనా నష్టం లేదు.

చిలికా తర్వాత దేశంలోకెల్లా పెద్దదైన ఉప్పు కలిసిన నీటి సరస్సు పులికాట్. సూళ్లూరుపేట పక్కగా పారే కాళంగి నది కూడా ఇందులోనే కలుస్తుంది. రోడ్డు పడమటి నుంచి తూర్పుకు, సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది కాబట్టి రెండు వైపులా నీరే. ఏ వైపు చూడాలన్నది ఇక్కడ అసలైన విషయం. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన ఉదయించి, దక్షిణంగా వంగి ప్రయాణించి, నైరుతిలో అస్తమిస్తాడు. అంటే రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద రోజంతా వెలుగు పడుతుంది, దక్షిణం వైపున్నవి ఎదురువెలుగులో నల్లటి నీడల్లా కనబడతాయి. శ్రీహరికోట వైపు వెళ్తున్నప్పుడు ఎడమచేతి వైపు చూడండి. కుడివైపు పెద్ద గుంపు కనబడితే రంగులు పట్టించుకోకుండా ఆకారం, కదలిక మాత్రం గమనించండి.

కారును రోడ్డు మీద కాకుండా వెడల్పుగా ఉన్న చోట, పూర్తిగా పక్కకు తీసి ఆపండి. షార్ (శ్రీహరికోట రాకెట్ ప్రయోగ కేంద్రం) ఉద్యోగుల బస్సులు ఉదయం పూట వేగంగా వస్తాయి. ఇంజను ఆపేయండి, వెంటనే దిగవద్దు. ఈ పక్షులకు వాహనాలు అలవాటు. తలుపు తెరిచి మనిషి బయటికి వచ్చినప్పుడే అవి బెదురుతాయి. కిటికీ దించి, ఒక తువ్వాలును మడిచి అంచు మీద వేసి, దాని మీద మోచెయ్యి ఆనించి చూడండి. ఒకే చోట కనీసం ఇరవై నిమిషాలు ఉండండి. మొదటి అయిదు నిమిషాలలో ఫ్లెమింగోలు మాత్రమే కనబడతాయి. పదో నిమిషానికి వాటి కాళ్ల మధ్య తిరిగే ఉల్లంకి పిట్టలు, ఇరవయ్యో నిమిషానికి వెనక నిద్రపోతున్న సూదితోక బాతులు బయటపడతాయి.

బైక్ మీద వచ్చినవారు హెల్మెట్ తీసి, బైక్ వెనకనే కూర్చొని చూడండి. బస్సులో వచ్చేవారు సూళ్లూరుపేటలో ఆటో మాట్లాడుకుని, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆపాలో ముందే చెప్పి ధర కుదుర్చుకోండి.

హెచ్చరికలు మూడున్నాయి. రోడ్డు దిగి నీటి వైపు నడవవద్దు. పైకి ఎండినట్టు కనబడే చోట కూడా కింద అడుసు ఉంటుంది, మోకాలి దాకా దిగబడితే ఒంటరిగా బయటపడటం కష్టం. అటకానితిప్ప దాటి షార్ భద్రతా ప్రాంతం వైపు వెళ్ళే ప్రయత్నం చేయవద్దు, అటువైపు కెమెరా తిప్పవద్దు. డ్రోన్ అసలే వద్దు. అది ఒక్కసారి తల మీదుగా వెళ్తే వేల పక్షులు లేచిపోతాయి, భద్రతా ప్రాంతం కాబట్టి మీ మీద కేసు కూడా అవుతుంది.

తడ దగ్గరి భీములవారిపాలెం నుంచి పడవలో వెళ్ళాలనుకునేవారు లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు. పక్షుల గుంపు దగ్గరికి పోనిమ్మని పడవవారిని అడగవద్దు. మీరు అడిగితే కాదనలేక తీసుకువెళ్తారు. సరస్సులో నాటిన కర్రలు, వాటికి కట్టిన వలలు మత్స్యకారుల జీవనాధారం, వాటికి అడ్డం పోవద్దు.

5. టిఫిను తర్వాత నేలపట్టుకు రండి

సూళ్లూరుపేటలో టిఫిను ముగించి, వెనక్కి నెల్లూరు వైపు వచ్చి దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు మళ్ళండి. రైలులో రావాలనుకుంటే గూడూరు–చెన్నై మార్గంలో దొరవారిసత్రం స్టేషనుకు ప్యాసింజరు బండ్లు ఉన్నాయి. తిరుగు బండి వేళ చూసుకున్నాకే స్టేషను నుంచి కదలండి.

నేలపట్టు 1976లో పక్షుల అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చిన్నదే, కానీ గూడబాతులు ఇంత పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టే చోట్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. ప్రపంచవ్యాప్తంగా ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా నమోదైన పక్షి మన చెరువు మీద నమ్మకం పెట్టుకుని ఏటా వస్తోంది. ఊరివారు కూడా దాన్ని అలాగే చూసుకుంటారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పొలానికి ఎరువుతో సమానమని ఇక్కడి రైతులు చెబుతారు.

లోపలికి వెళ్ళాక చెరువు కట్ట మీది దారి, కాపలా గోపురాలు తప్ప వేరే చోటికి వెళ్ళవద్దు. పక్కనున్న చిట్టడవిలో పాములుంటాయి. కట్ట మీద గుంపుగా కాకుండా ఒకరి వెనక ఒకరు నడవండి. చెయ్యి చాచి చూపించడం పక్షులకు బెదురు. "ఎడమవైపు మూడో చెట్టు, పై కొమ్మ" అని మెల్లగా చెప్పుకోవడం అలవాటు చేసుకోండి.

గోపురం ఎక్కగానే అందరూ చేసేది ఒక్కటే: రెండు నిమిషాలు చూసి, నాలుగు సెల్ఫీలు తీసుకుని దిగడం. మీరు ఒకే ఒక చెట్టును ఎంచుకోండి. ఆ చెట్టు మీద ఎన్ని గూళ్లున్నాయో, ఏ గూటిలో ఎన్ని పిల్లలున్నాయో గంటసేపు చూడండి. తల్లో తండ్రో మేతతో దిగుతుంది, పిల్లలు అరుస్తాయి, పక్క గూటి పక్షి పుల్ల దొంగిలిస్తుంది, ఎండ పెరిగితే పెద్ద పక్షి రెక్కలు సగం విప్పి పిల్లలకు నీడ పడుతుంది. ఎండ ఎక్కినప్పుడు కొన్ని గూడబాతులు వేడిగాలి పట్టుకుని, రెక్క కదపకుండా గుండ్రంగా పైకి లేచి మేతకు వెళ్ళడం కూడా కనబడుతుంది. సాయంత్రం మూసే వేళదాకా ఉండగలిగితే అవి వరుసలు కట్టి తిరిగి దిగడం చూడవచ్చు. ఇక్కడ నేను ఎక్కువ సేపు గడపమనడానికి అదే కారణం.

గూళ్లున్న చోట అరుపులు, చప్పట్లు ఎందుకు వద్దంటే, పెద్ద పక్షి బెదిరి లేచిన ఒక్క నిమిషంలో కాకో గరుడపక్షో గుడ్డును ఎత్తుకుపోగలదు. రెక్కలు రాని పిల్ల మధ్యాహ్నపు ఎండలో నీడ లేకుండా ఎక్కువసేపు బతకదు. మీరు కావాలని చేయకపోయినా ఫలితం అదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 27వ సెక్షను అభయారణ్యంలో ప్రాణులను వేధించడాన్నీ, చెత్త వేయడాన్నీ రెండింటినీ నిషేధించింది. బిస్కట్ రేపరు పడేయడం కూడా నేరమేనని పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి.

6. ఏది ఏ పక్షో గుర్తుపట్టండి

మొదటిసారికి ఈ ఏడు చాలు.

గూడబాతు: బూడిద కలిసిన తెలుపు, బరువైన దేహం, కింద సంచి వేలాడే పొడవాటి ముక్కు. పై ముక్కు అంచున వరుసగా మచ్చలుంటాయి.

నత్తగుల్ల కొంగ: మూసినా రెండు ముక్కుల మధ్య సందు మిగిలి ఉంటుంది. నత్తలను తినే ముక్కు అది.

తెల్లకంకణం: తల, మెడ నల్లగా బోడిగా ఉంటాయి, ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది.

తెడ్డుమూతి కొంగ: ముక్కు చివర గరిటెలా వెడల్పు. నీటిలో తలను అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది.

ఎర్రకాళ్ల కొంగ: పసుపు ముక్కు, తోక దగ్గర గులాబిరంగు ఈకలు.

నీటికాకి: నల్లగా ఉంటుంది, మునిగి లేచి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది.

చింతవక్క: పొట్టిమెడ, ఎర్రటి కన్ను, పగలు కొమ్మల్లో ముడుచుకుని ఉండి, చీకటి పడ్డాక మేతకు వెళ్తుంది.

ఇక పులికాట్‌లోని ఫ్లెమింగో గురించి. ఫోటోలు చూసి వచ్చినవారు ఎర్రటి పక్షి కోసం వెతుకుతారు. రెక్కలు ముడుచుకుని నిలబడ్డ ఫ్లెమింగో దూరానికి దాదాపు తెల్లగానే ఉంటుంది. అది రెక్క విప్పినప్పుడే గులాబి ఎరుపు, దాని అంచున నలుపు కనబడతాయి. గుంపులో బూడిద గోధుమరంగువి కనబడితే వేరే జాతి అనుకోవద్దు, అవి ఇంకా రంగు రాని పిల్లలు. ఆ రంగు మేతలోని వర్ణకాల వల్ల ఏళ్ల మీద వస్తుంది.

ఇంకొక పొరపాటు పత్రికల ద్వారా మనందరికీ అలవాటైంది. నేలపట్టుకు వచ్చే పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని రాస్తుంటారు. గూడబాతు, నత్తగుల్ల కొంగ, తెల్లకంకణం మన ఉపఖండపు పక్షులే. నీరు, మేత ఉన్న చోటికి మారుతుంటాయంతే. మన దేశంలో ఫ్లెమింగోలు పెద్ద ఎత్తున గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. నిజంగా హిమాలయాలు దాటి వచ్చేవి సూదితోక బాతులు, ఉల్లంకి జాతుల వంటి చిన్నవి, గుంపులో ఎవరూ పట్టించుకోనివి. వాటి కోసం ఒక పది నిమిషాలు కేటాయించండి.

గుర్తుపట్టలేని పక్షి కనబడితే పుస్తకం తిరగేస్తూ కూర్చోవద్దు, పక్షి ఎగిరిపోతుంది. పరిమాణం (కాకి కంటే పెద్దదా, కొంగ కంటే చిన్నదా), ముక్కు ఆకారం, కాళ్ల రంగు, ఏం చేస్తోంది అనే నాలుగూ రాసుకుని, తర్వాత తీరికగా పోల్చుకోండి. కార్నెల్ విశ్వవిద్యాలయంవారి మెర్లిన్ యాప్ ఉచితమే, మన పక్షులూ ఉన్నాయి. అది చెప్పిన మొదటి పేరునే నమ్మకుండా మీ నాలుగు గుర్తులతో సరిచూడండి.

7. లెక్కించండి, రాసుకోండి

"లక్ష పక్షులున్నాయి" అని కంటి అంచనాతో చెప్పవద్దు. గుంపులో ఒక అంచున సరిగ్గా పది పక్షులను లెక్కపెట్టి, అవి ఎంత చోటు ఆక్రమించాయో చూడండి. అలాంటి ముక్కలు మొత్తం గుంపులో ఎన్ని పడతాయో లెక్కించి పదితో హెచ్చించండి. పెద్ద గుంపయితే వంద పక్షుల ముక్కను కొలతగా తీసుకోండి. మూడుసార్లు చేసి, మధ్యలో వచ్చిన అంకెను రాసుకోండి. మూడు అంకెలకూ పొంతన లేకపోతే గుంపు కదులుతోందని అర్థం. అవి మేతకు స్థిరపడేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టండి.

తేదీ, వేళ, చోటు, పక్షి, సంఖ్య, అది చేస్తున్న పని. ఈ ఆరూ ఉంటే మీ నోటుపుస్తకం పనికివచ్చే పుస్తకమే. అదే వివరాలను పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో చేరిస్తే పరిశోధకులకూ చేరుతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. రెండు మూడు ప్రయాణాల తర్వాత అందులో పాల్గొనడానికి మీకు తగినంత అలవాటు వచ్చి ఉంటుంది.

తరచూ జరిగే పొరపాట్లు

ఫోటో కోసం ముందుకు జరుగుతూ పోవడం అన్నిటికంటే పెద్దది. మేత తింటున్న ఫ్లెమింగోలు అన్నీ ఒక్కసారి మెడలు పైకెత్తాయంటే మీరు ఇప్పటికే హద్దు దాటారు. అవి ఒకే దిక్కుకు నడవడం మొదలుపెడితే తర్వాత లేచేదే. మెడలు లేచిన క్షణంలో ఆగి, నాలుగడుగులు వెనక్కి వేయండి. అయిదు నిమిషాలలో తలలు మళ్ళీ నీటిలోకి దిగుతాయి. "ఎగిరే ఫోటో" కోసం రాయి వేయడం, హారన్ కొట్టడం నేను కళ్ళారా చూశాను. మీ పక్కన ఎవరైనా అలా చేస్తే మర్యాదగా ఆపండి, వినకపోతే అటవీశాఖ సిబ్బందికి చెప్పండి.

పాటలు పెట్టడం, పక్షుల కూతలను ఫోన్‌లో వినిపించడం, పక్షులకు తిండి వేయడం కూడా ఇదే కోవలోవి. ఫ్లాష్ ఆపివేయండి.

చనిపోయిన లేదా కదలలేని పక్షి కనబడితే చేత్తో ముట్టవద్దు, పిల్లలను ముట్టనివ్వవద్దు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లోని కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. పక్షి ఉన్న చోటు గుర్తు పెట్టుకుని సిబ్బందికి తెలియజేయండి. ఇంట్లో కోళ్లఫారం ఉన్నవారు తిరిగి వెళ్ళాక బూట్లు కడిగి, బట్టలు మార్చుకున్న తర్వాతే ఫారంలోకి వెళ్ళండి.

చిన్నపిల్లలు రోజంతా మౌనంగా ఉండలేరు, అది వారి తప్పు కాదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలున్నవారు పులికాట్ రోడ్డు మీద కారులోనే గంట గడిపి, నేలపట్టులో మరో గంటకు పరిమితం చేసుకోండి. ఒక్కొక్కరికి ఒక్కో గూడు అప్పగించి "నీ గూటికి ఎన్నిసార్లు మేత వచ్చిందో లెక్కపెట్టు" అంటే ఆ గంట ఇట్టే గడిచిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు గోపురం ఎక్కనవసరం లేదు, కట్ట మీద మడతకుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు.

మీ ప్రయాణం సరిగా సాగిందో ఇలా చూసుకోండి

ఎన్ని జాతులు చూశారన్న లెక్క కొత్తవారికి అవసరం లేదు. నేలపట్టు నుంచి బయటికి వచ్చేముందు మీరు ఎంచుకున్న చెట్టును మరొకసారి చూడండి. మీరు వచ్చినప్పుడు ఎన్ని పెద్ద పక్షులు గూళ్ల మీద ఉన్నాయో, ఇప్పుడూ దాదాపు అన్నే ఉండాలి. మేతకు వెళ్ళినవి, తిరిగి వచ్చినవి పోగా తేడా ఎక్కువగా ఉంటే, మీరో మీ పక్కవారో వాటిని కదిలించారన్నమాట. తర్వాత నోటుపుస్తకం తెరవండి. ఒక్క పక్షి గురించైనా అది ఏం చేస్తోందో మూడు వాక్యాలు రాయగలిగారా? రాయలేకపోతే మరుసటిసారి సగం చోట్లే తిరిగి, రెట్టింపు సేపు ఆగండి. చివరిగా చెత్త సంచి తూచి చూడండి, తెచ్చుకున్న ప్రతి వస్తువూ తిరిగి బండిలో ఉండాలి.

జనవరి చివర వెళ్ళినవారు వీలైతే నాలుగు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళి, అదే గోపురం నుంచి అదే చెట్టును చూడండి. అప్పటికి గూటిలో పట్టనంతగా పెరిగిన పిల్లలు కొమ్మల మీదికి వచ్చి, రెక్కలు ఆడిస్తూ ఉంటాయి.